జనరల్ గారు రాష్ట్రపతి అయితే?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత నాయబ్ సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)

2022 ఏప్రిల్ నుండి మనలో కొందరిది చిత్తూరు జిల్లా, కొందరిది తిరుపతి జిల్లా. ఈ బడి గేటు దాటి లోపలికొస్తే మాత్రం అందరం పాత చిత్తూరు జిల్లావాళ్లమే.

సైన్యంలో నా అనుభవాలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. అవి ఇంట్లో మా మనవరాలే వినదు, మీరేం వింటారు! అందుకని ఈ బడిలోనే ఒక పాప నన్నడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలని వచ్చాను. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఆ అప్పు తీర్చుకోవాలి.

మొన్న జనవరి 15న ఆర్మీ డే అని హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. 1949లో అదే రోజున జనరల్ కరియప్ప మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఆ సంగతి చెప్పి, మెడల్స్ చూపించి, మిఠాయి పంచి ముగించేద్దామనుకున్నాను. తొమ్మిదో తరగతి పాప ఒకటి లేచింది. "సార్, 2027లో రాష్ట్రపతి ఎన్నిక వస్తుందంట. రిటైరైన మిలటరీ జనరల్‌ని నిలబెడితే దేశం క్రమశిక్షణలో పడుతుందని మా తాత అంటాడు. నిజమేనా సార్?" అనింది.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను నవ్వి, "మీ తాత మంచి మాట చెప్పినాడమ్మా" అని కూర్చున్నాను. మా సోషల్ అయివారు బతికుంటే అక్కడే నా చెవి మెలిపెట్టుండేవారు. ప్రశ్న విన్నాక చప్పట్ల కోసం జవాబు చెప్పకూడదని నేర్పింది ఆయనే.

ఆ తాతను నేను తప్పు పట్టను. టీ అంగట్లో ఆ మాట నేనూ ఎన్నోసార్లు విన్నాను. ఐదేళ్లకోసారి రాష్ట్రపతి ఎన్నిక దగ్గర పడేకొద్దీ పేర్లు తిరుగుతాయి. ఒకరు కవిని తెస్తారు, ఒకరు సైంటిస్టును తెస్తారు, ఇంకొకరు మాజీ సైన్యాధిపతిని తెస్తారు. మాజీ సైన్యాధిపతి మాటొస్తే అంగడంతా తలూపుతుంది. ఎందుకు తలూపుతామో చూద్దాం.

ముందు ఒక చిక్కు విప్పాలి. ప్రెసిడెంటు అనే ఇంగ్లీషు మాటతో మనం నాలుగు కుర్చీలను కలిపేశాం. మన పల్లెల్లో ప్రెసిడెంటు అంటే సర్పంచి. అమెరికాలో ప్రెసిడెంటు ఆ దేశాన్ని తానే నడిపే అధ్యక్షుడు. ఢిల్లీలో ప్రెసిడెంటు రాష్ట్రపతి; మంత్రివర్గం సలహా మీద నడుచుకునే మనిషి. నాలుగోది మన పూర్వ విద్యార్థుల సంఘం ప్రెసిడెంటు. దాని సంగతికి చివర్లో వస్తాను.

జనరల్ ప్రెసిడెంటు అయ్యాడని మనం ఎక్కువగా విన్నది అమెరికా కథ. ఐసెన్‌హోవర్ రెండో ప్రపంచ యుద్ధం గెలిపించిన జనరల్. 1948లో రెండు పార్టీలలోనూ ఆయన్ను నిలబెట్టాలని చూసినవాళ్లున్నారు. ఆయన ఆ జనవరిలో ఒక పత్రికాధిపతికి ఉత్తరం రాసి వద్దన్నారు. జీవితమంతా సైనికుడిగా ఉన్నవాడు రాజకీయ పదవికి దూరంగా ఉంటేనే సైన్యం మీద పౌర ప్రభుత్వం చెయ్యి పైన ఉంటుందనేది ఆ ఉత్తరం సారాంశం. నాలుగేళ్లకు, 1952లో, మనసు మార్చుకుని పోటీ చేసి గెలిచారు. రెండు దఫాలు పాలించి, 1961 జనవరిలో దిగిపోతూ, సైన్యమూ ఆయుధాల పరిశ్రమా కలిసి దేశం మీద పెత్తనం చెయ్యకుండా చూసుకోండని జనాన్ని హెచ్చరించి వెళ్లారు. జనరలే ఆ మాట చెప్పడం గొప్ప సంగతి.

ఇంకొక జనరల్ కోలిన్ పవెల్. మన బడి నుండి అమెరికా వెళ్లినవాళ్లలో కొందరికి 1995 గుర్తుండొచ్చు. ఆయన నిలబడతాడా లేదా అని నెలల తరబడి ఆ దేశమంతా ఊహాగానాలు నడిచాయి. నవంబరు 8న ఆయనే ముందుకొచ్చి నిలబడనని చెప్పేశారు.

దగ్గరి దేశాలు చూస్తే కథ వేరు. పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ 1958లో, జియా 1977లో, ముషారఫ్ 1999లో ఓటుతో రాలేదు, తుపాకీతో వచ్చారు. శ్రీలంకలో యుద్ధం గెలిపించిన సరత్ ఫోన్సెకా 2010 జనవరిలో అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి నెలలోనే అరెస్టయ్యారు. అదే జనరల్ 2024లో మళ్లీ నిలబడితే ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు. మధ్యలో 2019లో అదే దేశం రిటైరైన లెఫ్టినెంట్ కల్నల్ గోటబయ రాజపక్సను గెలిపించింది. గట్టి మనిషి, అన్నీ చక్కబెడతాడని నమ్మారు. 2022 జూలైలో ఆయన దేశం విడిచి పోవాల్సి వచ్చింది. అంటే యూనిఫారం వేసుకున్న చెయ్యి ఓట్లు తెచ్చినా తేవచ్చు, తేకపోయినా తేకపోవచ్చు. పెట్రోలు, బియ్యం, అప్పులు మాత్రం ఆ చేతికి సెల్యూట్ కొట్టవు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. తెలుగువాళ్లు జనరల్ పాలన చూడలేదని అనుకుంటాం. చూశారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద సైనిక చర్య అయ్యాక మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి అక్కడ మిలటరీ గవర్నరుగా కూర్చున్నారు. 1949 చివరి దాకా ఆయన పాలనే. ఆ తర్వాత పౌర అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు, 1952లో జనం ఓట్లేశారు. ఆ చౌధురి గారే 1965 యుద్ధం నాటికి మన సైన్యాధిపతి. ఒకప్పుడు ఒక రాజ్యాన్నే ఏలిన మనిషి, 1965లో ఆజ్ఞ కోసం పౌర ప్రభుత్వం ముందు నిలబడ్డారు. 1962-64లో మన ఆంధ్రప్రదేశ్ గవర్నరు కూడా రిటైరైన సైన్యాధిపతే, జనరల్ శ్రీనగేశ్. తెలుగువారు జనరల్ కె.వి.కృష్ణారావు 1981 నుండి 83 దాకా సైన్యాధిపతిగా చేసి, తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీర్‌కు గవర్నరుగా పనిచేశారు.

ఇవన్నీ నియామకాలు. ఎన్నిక సంగతి వేరు. కరియప్ప అంతటి మనిషి 1971లో బొంబాయి నుండి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. 2014లో జనరల్ వి.కె.సింగ్ ఘాజియాబాద్‌లో గెలిచారు. రాష్ట్రపతి పదవికి పోటీ చేసినవాళ్లలో సైనికురాలు అనదగ్గ మనిషి కెప్టెన్ లక్ష్మీ సెహగల్. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో ఝాన్సీ రాణి దళాన్ని నడిపిన డాక్టరమ్మ. 2002లో అబ్దుల్ కలాం గారి మీద నిలబడ్డారు. ఓడిపోతానని తెలిసే నిలబడ్డారు. పోటీ ఉంటేనే ఎన్నిక అనిపించుకుంటుంది కదా.

1950 నుండి ఇప్పటి దాకా రాష్ట్రపతి భవన్‌లోకి ఒక్క జనరల్ కూడా రాష్ట్రపతిగా వెళ్లలేదు. అయివార్లు మాత్రం చాలామంది వెళ్లారు. రాధాకృష్ణన్ గారు, జాకీర్ హుస్సేన్ గారు, ప్రణబ్ ముఖర్జీ గారు, ఇప్పుడు ద్రౌపది ముర్ము గారు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు చాక్‌పీసు పట్టుకున్నవాళ్లే. రాధాకృష్ణన్ గారు పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. చిన్నప్పుడు ఆయన చదువుకున్నది తిరుపతి లూథరన్ మిషన్ బడిలో. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాలకు సర్వోన్నత అధిపతి రాష్ట్రపతి. అంటే 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు మన జనరళ్లు సెల్యూట్ కొట్టింది తిరుపతి బడిలో పలక పట్టిన ఒక అయివారికి. ఈ వరుసలో కూర్చున్న ఉపాధ్యాయులు ఈ ముక్క తరగతిలో తప్పక చెప్పండి.

నేను 1976లో బెంగుళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరాను. మమ్మల్ని తంబీలు అంటారు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం మా పని. శిక్షణ ముగిశాక కసమ్ పరేడ్ ఉంటుంది. రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని, రాష్ట్రపతి ఆజ్ఞలను, పై అధికారుల ఆజ్ఞలను ప్రాణం మీదికొచ్చినా పాటిస్తానని ప్రమాణం చేశాను. మరుసటి సంవత్సరం జూలైలో నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. బ్యారక్‌లో మేము నలుగురం సీమవాళ్లం ఆ రాత్రి బెల్లం పంచుకున్నాం. తుపాకీ పట్టని మా సీమ మనిషి ఆజ్ఞకు ఇంత సైన్యం కట్టుబడి ఉండడమేమని పంజాబీ హవల్దారు ఎకసెక్కమాడితే, "అదే కదా సాబ్, కసమ్‌లో చెప్పింది" అన్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాక ఆ పాప అడిగితే ఆ జవాబు గుర్తుకు రాలేదు.

ఇరవయ్యారేళ్ల కొలువులో తొమ్మిదిమంది కమాండింగ్ ఆఫీసర్ల కింద పనిచేశాను. వాళ్లలో ఒక్కరు కూడా ఏ పార్టీకి ఓటేస్తారో నాకు తెలియదు. పిల్లల చదువులు, అమ్మకు వచ్చిన జబ్బు, ఇంటి అప్పు, అన్నీ మాట్లాడుకున్నాం. పార్టీ మాట మాత్రం రాలేదు. మందుపాతర తీసే చోటికి వెళ్లమని ఆజ్ఞ వస్తే, ఇది దేశానికి అవసరమా లేక ఈయన రేపటి లెక్కకు అవసరమా అని మేము ఎప్పుడూ ఆలోచించలేదు. అలా ఆలోచించే పని లేకపోవడమే మా ధైర్యం.

ఇక్కడే నా భయమంతా. మన రాష్ట్రపతిని జనం నేరుగా ఎన్నుకోరు. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 2022లో మన రాష్ట్రం ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159. అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఆ ఓటర్లలో 50 మంది, బలపరచడానికి ఇంకో 50 మంది సంతకాలు పెట్టాలి. అంటే జనరల్ గారు మన టీ అంగటికొచ్చి ఓటడగరు. పార్టీల పెద్దల దగ్గరికి పోవాలి, లేదా వాళ్లే ఆయన దగ్గరికి రావాలి. 'జనరల్ గారు నిలబడతారా' అనే ప్రశ్నకు అసలు అర్థం 'ఆయన్ను ఏ పార్టీ నిలబెడుతుంది' అని. రిటైరైన వెంటనే ఆ పని జరిగితే, రేపు కొలువులో ఉన్న ప్రతి జనరల్ ముఖంలో జవాను ఆ జవాబు వెతుక్కుంటాడు.

ఇది జనరళ్లకే కాదు. 1967లో మన తెలుగువారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, ఏప్రిల్‌లో రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 విలువైన ఓట్లు, సుబ్బారావు గారికి 3,63,971. సుబ్బారావు గారు నిజాయితీపరులే, ధీశాలే. కానీ ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చింది అదే ఫిబ్రవరిలో. ఆరుగురు ఒక వైపు, ఐదుగురు ఇంకో వైపు. న్యాయపీఠం నుండి నేరుగా పోటీలోకి దిగడం తగునా అనే చర్చ అప్పుడు బాగా నడిచింది. తీర్పులో లోపం లేకపోయినా, ఆ అడుగు వల్ల అడగకూడని ప్రశ్న అడిగే వీలు కలిగింది.

రిటైరైన జనరల్ పోటీ చెయ్యకూడదని నేననడం లేదు. ముప్పై అయిదేళ్లు నిండిన, లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉన్న ఏ పౌరుడికైనా ఆ హక్కు ఉంది. యూనిఫారం విప్పాక ఆయనా పౌరుడే. కానీ కొన్నేళ్లు ఆగాలి. మార్కెట్టుకు పోయి కూరగాయలు బేరమాడాలి. తనకు ఎదురు చెప్పేవాళ్లతో పది మీటింగుల్లో కూర్చోవాలి. ఓడిపోవడానికి సిద్ధపడాలి. కరియప్ప గారు ఓడిపోయినా ఆయన గౌరవం వీసమెత్తు తగ్గలేదు. ఓటరు వద్దంటే సరేనని ఇంటికి పోయిన జనరల్ అంటే నాకు ఇంకా గౌరవం.

ఇక నాలుగో కుర్చీ సంగతి. ఇది చెప్పడానికే ఇంతసేపు మాట్లాడాను.

మీలో చాలామందికి తెలుసు, ఈ స్వర్ణోత్సవంతో పాటు సంఘానికి కొత్త కార్యవర్గం రావాలి. మూడు వారాల కిందట సన్నాహక సమావేశంలో నన్ను ఏకగ్రీవంగా ప్రెసిడెంటు చెయ్యాలని పెద్దలు తీర్మానించారు. "మిలటరీ మనిషి వస్తే అన్నీ క్రమంలో పడతాయి" అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. తోతాపురి తోటలో కాయలు లెక్కపెట్టుకునే మనిషికి అలాంటి మాట వినబడితే ఎవరికి ఇష్టముండదు?

అప్పుడు మనకంటే ఇరవై బ్యాచ్‌ల తర్వాత చదివిన ఒక చెల్లెమ్మ లేచింది. తానూ ప్రెసిడెంటు పదవికి నిలబడతానంది. పదో తరగతి పిల్లలకు మన సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్ డిపాజిట్ మీద ఎంత వడ్డీ వచ్చింది, ఎంతమందికి ఇచ్చాం, లెక్క ఎక్కడుందని అడిగింది. ఎవరూ తిన్నారని ఆమె అనలేదు. రాసిపెట్టలేదని అనింది. అది నిజం. రెండేళ్లుగా రాయలేదు.

నేను లేచి, పరేడ్ మైదానంలో వాడే గొంతుతో "కూర్చోమ్మా" అన్నాను. ఆమె కూర్చుంది. గది నిశ్శబ్దమైంది. ఆ తర్వాత కొందరు చప్పట్లు కొట్టారు. ఇద్దరు పెద్దలు ఆమె దగ్గరికి పోయి, సార్ నిలబడితే నువ్వెందుకమ్మా, పేరు వెనక్కి తీసుకో అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జనరల్‌ను రాష్ట్రపతిని చెయ్యాలని టీ అంగట్లో తలూపేటప్పుడు మనకేం కావాలో అప్పుడర్థమైంది. మనకు క్రమశిక్షణ కాదు కావలసింది. ప్రశ్నలు ఆగిపోవాలి. అవతలివాడు కూర్చోవాలి. నేను జనరల్‌ను కాదు, నాయబ్ సుబేదారును. ఇంత చిన్న హోదాకే, ఇంత చిన్న కుర్చీకే, ఒక్క మాటతో ఒక న్యాయమైన ప్రశ్న నోరు మూయించగలిగాను. ఇంకా పెద్ద హోదా, ఇంకా పెద్ద కుర్చీ అయితే? సైన్యంలో ఆ గొంతు అవసరం. అక్కడ ఒక్క క్షణం ఆలస్యమైతే ఒక మనిషి పోతాడు. ఇక్కడ ఆమె ఇంకో పది నిమిషాలు మాట్లాడి ఉంటే, ఏ పాపకు స్కాలర్‌షిప్ అందలేదో తెలిసేది.

చెల్లెమ్మా, మూడో వరుసలో ఉన్నావు, చూశాను. ఆ రోజు నేను చేసింది తప్పు. ఇంతమంది ముందు క్షమించమని అడుగుతున్నాను. నీ పేరు వెనక్కి తీసుకోలేదని ఈ ఉదయం కార్యదర్శి గారు చెప్పారు. చాలా సంతోషం.

భోజనాలయ్యాక సర్వసభ్య సమావేశం. ఏకగ్రీవం వద్దని నేను రాతపూర్వకంగా ఇచ్చాను. నేను పోటీ నుండి తప్పుకోవడం లేదు. తప్పుకుంటే అది కూడా ఆమెకు నేను దయతలచి ఇచ్చిన కుర్చీ అవుతుంది. స్టాఫ్‌రూములో అట్టపెట్టె పెట్టించాం, చీటీలు సిద్ధంగా ఉన్నాయి. ఇద్దరం చెరి పది నిమిషాలు మాట్లాడతాం. మమ్మల్ని ఎవరైనా ఏమైనా అడగొచ్చు. నా వంతు వచ్చినప్పుడు ముందుగా ఆ లెక్క గురించే అడగండి. ఎవరు గెలిచినా, రెండేళ్ల స్కాలర్‌షిప్ లెక్క నెలలోగా నోటీసు బోర్డు మీద పెట్టాలని నేనే తీర్మానం ప్రవేశపెడతాను. ఓడిపోతే సాయంత్రం షామియానా కుర్చీలు సర్దే బ్యాచ్‌లో నా పేరు రాసుకోండి. ఆ పని నాకు బాగా వచ్చు.

చివరిగా ఆ తొమ్మిదో తరగతి పాపకు. నువ్వు ఇక్కడే ఎక్కడో ఉంటావు. మీ తాతకు నా నమస్కారం చెప్పు. జనరల్ గారు రాష్ట్రపతి కావచ్చమ్మా. అయితే ఆయన వచ్చాక, నువ్వు ఆ రోజు లేచినట్టు లేచి ఒక ప్రశ్న అడిగితే, "కూర్చో" అనకుండా జవాబు చెప్పే మనిషై ఉండాలి. అలాంటి మనిషి అవునో కాదో చూసుకోవడం పెద్దల పని. ఈ పొద్దు మధ్యాహ్నం మా నలుగురైదువందల మందిమీ ఆ పనే చేస్తాం. కిటికీలో నుండి చూడు.

సెలవు. జై హింద్.